నీళ్లు లేచిన పొద్దున

మాణిక్యం కట్టుకున్నవాణ్ణి చెరువులోకి నెట్టేసిందట. అతను మునిగిపోతుంటే గట్టున నిలబడి చూసిందట. చీర మోకాళ్లు దాటి తడవలేదట. పైగా పోలీసులకి ఒక మాట, అయినవాళ్లకి ఒక మాట చెప్పిందట.

ఈ సంగతి నాకు చెప్పింది జయశ్రీ, భీమడోలు స్టేషన్‌లో పొద్దుటి పాసింజరు కోసం నిలబడి ఉండగా. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో గదులు తుడిచే పనికి చేరి నాకు అప్పటికి వారం. జయశ్రీ, మాణిక్యం పిన్ని ఇద్దరూ ఆ కాలేజీ మెస్సులో కూరలు తరుగుతారు.

“ఆవిడ పక్కన కూర్చుంటే కూర్చో. ఆవిడతో కలిసి నీళ్లకి మాత్రం వెళ్లకు,” అని నవ్వింది జయశ్రీ. అంతలో మాణిక్యం పిన్ని ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. జయశ్రీ గొంతు మార్చేసింది.

“రా వదినా, ఈ చాందినికి నీ గురించే చెబుతున్నాను.”

“ఏం చెప్పావు?”

“బెండకాయ నీ అంత సన్నగా ఎవరూ తరగలేరని.”

“అదొక్కటీ నిజం చెప్పి ఉంటావులే,” అంది మాణిక్యం పిన్ని. బండి వచ్చింది. ఎక్కాం.

నా చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. నలుగురిలో నోరు విప్పాలంటే ఇప్పటికీ భయమే. అందుకని చూస్తూ కూర్చోవడం అలవాటైంది. మాణిక్యం పిన్నిని అలాగే చూశాను, రెండేళ్లు. నలభై దాటిన మనిషి. బక్కపలచన. కుడి చూపుడు వేలి మీద కత్తిపీట కోసిన గీతలు. బండి కాలువ వంతెన మీదికి రాగానే కిటికీ వైపు నుంచి తల తిప్పేసేది. కార్తీక సోమవారం కాలేజీలో పనిచేసే ఆడవాళ్లమంతా కాలువ స్నానానికి వెళితే, అందరం నీళ్లలో ఉన్నాం, ఆవిడ ఒక్కతే పైమెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకుంది. “పాపం చేసినవాళ్లకి ఏరు పడదంటారు,” అని ఎవరో మెల్లగానే అన్నారు. నీళ్ల మీద మాట దూరం పోతుంది. ఆవిడకి వినబడింది. ఇంకో చెంబు పోసుకుంది.

మాట్లాడని మనిషి దగ్గర మాటలు పెట్టడం తేలికేమో. ఆవిడ కథ ఆవిడే నాకు చెప్పింది. ఒక్కసారిగా కాదు, రైల్లో, నెలల తరబడి, ఒక రోజు కొంచెం, ఇంకో రోజు కొంచెం. నేను వరసగా రాస్తున్నాను.

ఆవిడ భర్త పేరు ఏడుకొండలు. కొల్లేటి లంకల్లో పుట్టి పెరిగినవాడు. నరసరాజు గారి చేపపిల్లల చెరువుకి కాపలా ఉండేవాడు. రెండెకరాల చెరువు, గట్టు మీదే తాటాకు పాక. 2004 డిసెంబరు ఇరవై ఆరు, ఆదివారం. పెళ్లయి అప్పటికి ఏడాది. పిన్నికి ఇరవై రెండేళ్లు, ఐదో నెల.

చెరువులో వెదురు కర్రలు పాతి, వాటికి తాడు లాగి, ఆ తాడుకి చిల్లులు పొడిచిన మేతసంచులు కడతారు. చిల్లుల్లోంచి తవుడు చేపలకి అందుతుంది. ఆ పొద్దున ఏడుకొండలు తాటిదోనె మీద సంచులు వేసుకుని చెరువు మధ్యకి వెళ్లాడు. పిన్ని పొయ్యి రాజేస్తోంది. రేడియో పెట్టి ఉంది. ఆరూ ముప్పావు ప్రాంతీయ వార్తలు ఇంకా మొదలు కాలేదు.

“గాలి లేదే,” అనేది పిన్ని. ఎన్నిసార్లు చెప్పినా అక్కడే మొదలుపెట్టేది. “పొగ నిలువుగా పైకి పోతోంది. మంచు కదల్లేదు. ఈ గట్టు దగ్గర నీళ్లు వెనక్కి పోయి బురద బయటపడింది. ఎవరు తూము ఎత్తారా అని చూశాను. ఆ గట్టు వైపు నీళ్లు లేచి నిలబడ్డాయి. మళ్లీ ఇటొచ్చాయి. పళ్లెంలో పులుసు ఊగదూ, అలాగ. ఒకసారి, రెండుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ. చేపపిల్లలు గట్టు మీద పడి కొట్టుకుంటున్నాయి. మీ బాబాయి దోనెలో లేచి నిలబడి ‘ఏంటే ఇది’ అన్నాడు. అదే మాట. దోనె బోర్లపడింది.”

మేతసంచుల తాడు అతని కాలికి మెలిపడింది. పైకి ఒకసారి వచ్చాడు. చెయ్యి ఒకసారి కనబడింది.

“నేను దిగాను. మోకాళ్ల దాకా దిగాను,” అనేది పిన్ని. అక్కడితో ఆగిపోయేది. కిటికీలోంచి కాకుండా తన చేతుల వైపు చూసుకునేది. నేను ఎప్పుడూ ఆ తర్వాత ఏమైందని అడగలేదు.

ఆవిడ కేకలకి పక్క చెరువుల కాపలావాళ్లు ముగ్గురు గట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చి, దూకి, తాడు కోసి పైకి తెచ్చారు. అప్పటికి అయిపోయింది. నీళ్లు ఏమీ ఎరగనట్టు సర్దుకున్నాయి.

నరసరాజు గారు మోటారు సైకిలు మీద వచ్చారు. ఆ చెరువు కొల్లేటి కడుపులో, పక్షులకని వదిలేసిన, ఎవరూ చెరువు తవ్వకూడని చోట తవ్వింది. చుట్టూ ఉన్నవన్నీ అలాంటివే. ఆయన శవం దగ్గర గొంతుక్కూర్చుని, పిన్నితో నెమ్మదిగానే చెప్పారట.

“చూడమ్మా మాణిక్యం. వీడు ఇక్కడ పోయాడంటే పోలీసులు ఇక్కడికే వస్తారు. వాళ్ల వెనకాల ఫారెస్టు వాళ్లు వస్తారు. ఈ గట్ల మీద ముప్పై ఇళ్లున్నాయి. వాళ్లనెక్కడికి పొమ్మంటావు? పెద్ద కాలువలో స్నానానికి దిగి జారిపోయాడని చెప్పు. పోయినవాడికి ఎక్కడ పోతే ఏముందమ్మా?”

శవాన్ని దోనెలోనే తీసుకెళ్లి కాలువ రోడ్డు పక్కన పెట్టారు. పిన్ని కాలువ అని చెప్పింది. సంతకం పెట్టింది. తాడు కోసిన ముగ్గురూ కూడా కాలువలోంచి తీశామనే చెప్పి సంతకాలు పెట్టారు. పది గంటలయ్యేసరికి సముద్రం వచ్చి ఊళ్లను కొట్టేసిందన్న వార్త అన్ని చోట్లా పాకింది. ఇక ఒక కాపలావాడి చావు ఎవరిక్కావాలి.

పిన్ని నెల రోజులు మాత్రమే ఓర్చుకుంది. తర్వాత ఆడపడుచు వెంకటలక్ష్మికి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. వెంకటలక్ష్మి పెదపాడులో కాపురం ఉంటుంది. చురుకైన మనిషి. ఆవిడ వేళ్లు మడిచి లెక్క చెప్పింది.

“సునామీ ఒడ్డుకొచ్చింది తొమ్మిది దాటాక. మా అన్నయ్య పోయింది ఏడు కాకముందు. ఇంకా రాని సునామీ వచ్చి ముంచేసిందా? అదీ సముద్రం వదిలేసి చేపపిల్లల చెరువులోకి వచ్చిందా? కొల్లేట్లో పుట్టినవాడు నిలువెత్తు నీళ్లలో పోతాడా, ఎవరో ఒకరు పట్టి ఉంచితే తప్ప?”

పక్క చెరువుల వాళ్లని అడిగారు. మా నీళ్లు కాస్త వణికినట్టున్నాయి గానీ లేవడం చూడలేదన్నారు. అవి ముప్పై, నలభై ఎకరాల చెరువులు. తాడు కోసిన ముగ్గురూ సంతకం పెట్టిన మాట మీదే ఉండిపోయారు. అలా రెండు మాటలు చెప్పిన మనిషిగా పిన్ని మిగిలిపోయింది.

ఏప్రిల్‌లో కుసుమ పుట్టింది. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వం మిషన్లు తెచ్చి కొల్లేట్లో గట్లు తెగ్గొట్టింది. ఏ ముప్పై ఇళ్ల కోసం ఆవిడ అబద్ధం చెప్పిందో ఆ ఇళ్లు పోయాయి. ఆ చెరువు కూడా ఇప్పుడు లేదు. పని వెతుక్కుంటూ పిన్ని భీమడోలు వచ్చింది. పిల్లకి పాలు చాలడం లేదని, కొన్నాళ్లు ఉంచుకుంటానని వెంకటలక్ష్మి తీసుకెళ్లింది. మళ్లీ పంపలేదు. పిన్ని వెళితే పిల్లని లోపలికి పంపేసి, మంచినీళ్లిచ్చి, బస్సు టైము చెప్పేది. కుసుమకి పదేళ్లు వచ్చాక తనే లోపలికి వెళ్లిపోవడం నేర్చుకుంది.

పిన్నికి కావలసింది ఒక్కటే. పేరు బాగుపడాలని కాదు. “ఊరు ఏమనుకుంటే నాకేంటే. ఆ పిల్ల నన్ను చూసి తలుపు వేసుకుంటుంది చూడు, అది ఒక్కటి పోతే చాలు,” అనేది.

ఈ ఏడాది జూలై నెలాఖర్లో రష్యా తూర్పు కొసన సముద్రంలో పెద్ద భూకంపం వచ్చింది. తర్వాత పది రోజులకనుకుంటాను, నేను సివిల్ బ్లాకులో వరండా తుడుస్తున్నాను. లోపల సూర్యప్రకాశరావు గారి క్లాసు. ఒక కుర్రాడు, “అంత దూరంలో వస్తే మనకేంటండీ?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. గుమ్మంలోకి వచ్చి, “అమ్మాయ్, మెస్సులోంచి వెడల్పు బేసిన్ ఒకటి తెచ్చి పెడతావా?” అని నన్ను అడిగారు.

తెచ్చాను. దాన్ని చక్రాల బల్ల మీద పెట్టి, సగానికి పైగా నీళ్లు పోయించారు. బల్లని గబగబా కుదిపారు. నీళ్ల మీద చిన్న ముడతలు పడ్డాయి, అంతే. తర్వాత రెండు వేళ్లతో నెమ్మదిగా ముందుకీ వెనక్కీ నెట్టారు. బల్ల కదులుతున్నట్టు కూడా లేదు. నీళ్లు ఈ అంచు నుంచి ఆ అంచుకి ఊగడం మొదలుపెట్టాయి. ఒకసారి, రెండుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ. నాలుగోసారికి బేసిన్ దాటి నేల మీద పడ్డాయి. తుడవాల్సింది నేనే గనక గుమ్మంలోనే నిలబడ్డాను. చేతిలో తడిగుడ్డ పట్టుకుని ఉన్నానన్న మాటే గానీ నాకు ఆ గది కనబడలేదు.

ఆయన 2004 గురించి చెప్పారు. సుమత్రా నుంచి అండమాన్ దాకా, పన్నెండు వందల కిలోమీటర్లకు పైగా సముద్రం అడుగు చీలింది. భూమి పైపెంకులో ఒక పలక ఇంకో పలక కిందికి జరిగింది. నికోబార్ దక్షిణ కొసన నేల మనిషి ఎత్తుకు మించి కుంగిపోయింది, అక్కడి లైట్‌హౌస్ మొదలు ఇప్పుడు నీళ్లలో ఉంది. ఒప్పులకుప్ప తిరిగే ఆడపిల్లలు దగ్గరికి జరిగితే ఇంకా జోరుగా తిరుగుతారు కదా, అలాగే భూమి బరువు కాస్త లోపలికి జరిగి భూమి రవ్వంత జోరుగా తిరిగింది. రోజు తగ్గింది. ఎంతంటే రెప్పపాటులో లక్షో వంతు. ఉత్తర ధ్రువం ఒక అంగుళం పక్కకి జరిగిందని లెక్క కట్టారు. భూమి మొత్తం, కొట్టి వదిలేసిన గంటలాగ వారాల తరబడి మోగుతూనే ఉంది, మన చెవికి అందనంత నెమ్మదిగా.

“ఈ నేల కూడా ఆ పొద్దున పైకి లేచి కిందికి దిగింది. సెంటీమీటరు, అటూ ఇటూగా,” అన్నారు. “నెమ్మదిగా లేచింది గనక మనకి తెలియలేదు. మనిషికి తెలియనిది నీళ్లకి తెలుస్తుంది. ఎక్కడెక్కడో బావుల్లో నీళ్లు పైకీ కిందికీ ఆడాయి. చెరువుల్లో నీళ్లు ఊగాయి. అన్ని చెరువులూ కాదు. వెడల్పూ లోతూ ఆ ఊపుకి సరిపోయినవే.”

అందరూ వెళ్లిపోయాక నేల తుడిచాను. తుడిచిన చోటే మళ్లీ తుడిచాను. ఆయన పుస్తకాలు సర్దుకుని బయల్దేరుతుంటే నోరు తెరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“సార్, ఆ ఊపు మన వైపు ఎన్ని గంటలకి వచ్చిందండీ?”

ఆయన ఆగి, ఎందుకని అడక్కుండా, నల్లబల్ల మీద దూరం రాసి భాగించారు. అక్కడ ఆరూ ఇరవై ఎనిమిది దాటాక మొదలైంది. నేలలోంచి వచ్చే ఊపు ఇక్కడికి రావడానికి పది నిమిషాలు. “ఆరూ నలభై ప్రాంతం. నీళ్లలోంచి వచ్చే సునామీ నెమ్మది, అందుకే ఒడ్డుకి తొమ్మిది దాటాక వచ్చింది,” అన్నారు.

అప్పుడు నేను అంతా చెప్పాను. అంతసేపు ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన పుస్తకాలు మళ్లీ బల్ల మీద పెట్టారు.

“ఆ చెరువు నేను చూడలేదు గనక సాక్ష్యం చెప్పలేను. అలా జరగడానికి వీలుందని మాత్రం రాసివ్వగలను,” అన్నారు. వేళలన్నీ వేసి, తెలుగులో, ఒక కాగితం రాసిచ్చారు.

సాయంత్రం బండిలో పిన్నికి చదివి వినిపించాను. జయశ్రీ ఎదురుగా కూర్చుని వింటోంది. పిన్ని ఏడవలేదు. కాగితాన్ని చేతిలోకి తీసుకుని, అక్షరాల మీద వేలు పెట్టి, “నేలే లేచిందా?” అంది.

“అవును పిన్నీ. మొత్తం భూమే. రోజు కూడా తగ్గిందట.”

“ఎంత తగ్గింది?”

“రెప్పపాటులో లక్షో వంతు.”

“అంతేనా,” అంది పిన్ని. “నాకయితే పెరిగిందే. అప్పట్నుంచీ ప్రతి రోజూ పెరిగింది.”

దిగేటప్పుడు పిన్ని సంచీ జయశ్రీ పట్టుకుంది.

వినాయక చవితి అయ్యాక పిన్ని కాళ్లు వాచాయి. నిలబడి పని చేయడం వల్లేమోలే అనుకున్నాం. తీరా చూస్తే రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. ఏలూరులో ఆసుపత్రిలో చేర్చారు. నేను చూడడానికి వెళ్లినప్పుడు దిండు కింది నుంచి ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

“నేను వెళితే తలుపు వేసేస్తుంది. నువ్వు వెళ్లవే. చదివి వినిపించు. రమ్మని అడగొద్దు. వినిపించు, చాలు.”

వెళ్లాల్సింది ఆ ఆదివారమే. నేను రెండు ఆదివారాలు వాయిదా వేశాను. ఎరగనివాళ్ల గుమ్మం ఎక్కి, ఎరగనివాళ్ల ముందు మాట్లాడాలి. మొదటి ఆదివారం ఏలూరు బస్టాండు దాకా వెళ్లి పెదపాడు బస్సు ఎక్కకుండానే తిరిగి వచ్చేశాను. నాకు జ్వరం వచ్చిందని పిన్నికి అబద్ధం చెప్పాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

మూడో ఆదివారం వెళ్లాను. వీధి వరండాలో కుట్టుమిషన్ ముందు కుసుమ కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లు. పిన్ని చేతులే. లోపలి నుంచి వెంకటలక్ష్మి వచ్చింది. ఎవరి తరఫున వచ్చానో చెప్పగానే గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుంది.

“ఇరవై ఏళ్లకి భూగోళం పాఠం పట్టుకొచ్చావా అమ్మాయ్? మాణిక్యం ఇక కాలేజీల దాకా వెళ్లిందన్నమాట!”

కాగితం చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. అరుగు పక్కన బట్టలు తడిపే బేసిన్ కనబడింది. “అత్తయ్య గారూ, నీళ్లు పోసుకోవచ్చాండీ?” అని అడిగాను. నీళ్లు పోసి, కుట్టుమిషన్ పక్కనున్న బల్ల మీద పెట్టి, బల్లని రెండు చేతులతో నెమ్మదిగా నెట్టడం మొదలుపెట్టాను. మొదట ఏమీ కాలేదు. వెంకటలక్ష్మి ముసిముసిగా నవ్వింది. మూడోసారికి ఊపు కుదిరింది. నీళ్లు లేచాయి. అవతలి అంచు దాటి కుసుమ కుడుతున్న జాకెట్టు ముక్క మీద పడ్డాయి.

కుసుమ జాకెట్టు తియ్యలేదు. బేసిన్‌లో నీళ్లు ఆగేదాకా చూసింది.

“మళ్లీ చెయ్యండి,” అంది.

మళ్లీ చేశాను. తర్వాత కాగితం చదివాను. ఆరూ ఇరవై ఎనిమిది, ఆరూ నలభై, తొమ్మిది. వెంకటలక్ష్మి నవ్వు ఆగిపోయింది. ఆ గంటల లెక్క ఆవిడదే కదా. లోపలికి వెళ్లి ఏవో గిన్నెలు సర్దింది.

“సరే, నీళ్లు లేచాయి,” అంది కుసుమ. “నాన్న తాడులో ఇరుక్కున్నాడు. అదీ నమ్ముతాను. ఆ తర్వాత ఆవిడ గట్టు మీద ఎందుకు నిలబడింది? నేనైతే దూకేదాన్ని. మీరైతే దూకరా?”

దూకుతాను. ఆ మాట నా ముఖంలో కనబడి ఉంటుంది.

“ఐదో నెల అంటారేమో. ఐదో నెలలో ఇక్కడ ఆడవాళ్లు వలలు లాగారు. మా అత్త నాకు ఐదేళ్లప్పుడే కాలువలో వదిలేసి ఈత నేర్పింది. చెయ్యి కనబడిందని ఆవిడే మా అత్తతో చెప్పింది కదా? చెయ్యి కనబడుతుంటే మోకాళ్ల దాకా దిగి ఆగిపోయిన మనిషిని నేనేమనుకోవాలి? అది ఆవిడనే అడిగి రండి. చెబితే వస్తాను. నా అంతట నేనే వస్తాను.”

ఆ సాయంత్రమే ఏలూరు వెళ్లాను. వార్డులోకి రానివ్వలేదు. మర్నాడు పొద్దున రానిచ్చారు. పిన్ని ముక్కుకి గొట్టం ఉంది. కళ్లు మూసుకుని ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి, “కుసుమ నమ్మింది పిన్నీ. నీళ్లు లేచాయని నమ్మింది,” అన్నాను. కళ్లు తెరిచింది. అప్పుడు అడిగాను. “మోకాళ్ల దాకా దిగి ఎందుకు ఆగావు పిన్నీ? అది చెబితే వస్తానంది.”

పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. చెయ్యి ఎత్తి, మంచం పట్టీ మీద అరచెయ్యి అటూ ఇటూ ఆడించింది, లేదు అన్నట్టు. ఏది లేదో నాకు అర్థం కాలేదు. బుధవారం పోయింది.

కబురు పంపితే వెంకటలక్ష్మి వచ్చింది. కుసుమ కూడా వచ్చింది. అందరికీ ఎడంగా నిలబడింది. కర్మ చేయడానికి పిన్ని అన్నగారు బుచ్చిబాబు గారు చింతలపూడి అవతల మెట్ట ఊరి నుంచి వచ్చారు. పొగాకు, జీడిమామిడి పండే ఎర్రనేలలు వాళ్లవి. ఆయన్ని కుసుమ చూడటం అదే మొదలు.

దహనం అయ్యాక అందరం కాలువకి వెళ్లాం. మగవాళ్లు ఆ పక్క, మేం ఈ పక్క. జయశ్రీ, నేను, వెంకటలక్ష్మి, కుసుమ బట్టలతోనే దిగి మునిగాం. కుసుమ మునిగి చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక ముఖం తుడుచుకుంటూ మెట్ల వైపు చూసింది.

బుచ్చిబాబు గారు పైమెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎవరినో చెంబు అడిగి తీసుకుని, ముందుకి వంగి, ఒక చేత్తో మెట్టు అంచు గట్టిగా పట్టుకుని, చెంబు ముంచి నెత్తిన పోసుకుంటున్నారు. నేను ఆ చెంబునీ ఆ మెట్టునీ అంతకుముందు చూశాను, కార్తీక సోమవారం నాడు. చూశాను గానీ, మాది కూడా ఈ నీళ్ల వైపే గనక, అడగాలని తోచలేదు. మా వైపు మనిషిని నీకు నడక వచ్చా అని ఎవరడుగుతారు?

“దిగండి మామయ్యా,” అంది కుసుమ. “ఇక్కడ నడుం లోతే.”

“వద్దమ్మా,” అన్నారాయన సిగ్గుపడుతూ. “నాకు ఈత రాదు. మా ఊళ్లో బోరింగులే గానీ చెరువేదీ? ఎవరికొస్తుంది చెప్పు. మీ అమ్మని ఆ లంకలోకి ఇస్తుంటే మా అమ్మ మీ నాన్నకి చెప్పి మరీ పంపింది, పిల్లని నీళ్లలోకి దింపకు నాయనా అని. కొల్లేట్లో కోడలికి ఈత రాదని తెలిస్తే నవ్వుతారు, ఈ మాట ఎవరికీ చెప్పొద్దు, నేను నేర్పిస్తానులే అన్నాడాయన, మీ అమ్మ చేత ఒట్టు వేయించుకుని మరీ. ఏదీ, ఏడాదికే పోయాడు.”

కుసుమ కాలువలో నిలబడే ఉంది. నీళ్లు ఆమె నడుం చుట్టూ తిరిగి కిందికి పోతున్నాయి.

మాణిక్యం పిన్నికి ఈత రాదు.